దైవం, పురుషకారం, మూడవ ప్రమాద హెచ్చరిక

మనిషికి కలిగే మేలుకీడులను దైవానికీ పురుషకారానికీ పంచి చూపే ఆలోచన భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. దైవమంటే మనిషి చేతిలో లేని కారణాల మొత్తం. దానిని కొందరు ఈశ్వరసంకల్పమన్నారు, కొందరు పూర్వజన్మల కర్మ పరిపాకమన్నారు, ఇంకొందరు కాలమని సరిపెట్టారు. పురుషకారమంటే మనిషి తెలిసి, తలపెట్టి, చేతులారా చేసే ప్రయత్నం. ఈ రెండింటి సరిహద్దు ఎక్కడన్నది పండితసభలలో ఎంతకాలమైనా సాగదగిన చర్చ. వానాకాలంలో నదీతీరాన మాత్రం దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే వరదలో పోయిన ప్రాణాన్ని దైవం లెక్కలో వేస్తే ఎవరినీ అడగనక్కరలేదు, పురుషకారలోపం లెక్కలో వేస్తే ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చి తీరాలి.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నను గోదావరి అడిగినంత సూటిగా మరే నదీ అడగలేదు. గౌతముని గోహత్యాదోషం పోగొట్టడానికి త్ర్యంబకంలో దిగివచ్చిందని పురాణం చెప్పే ఈ నదిలో కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, దాని దిగువన ఇంద్రావతి, భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కలుస్తాయి. విదర్భలోనూ బస్తర్‌లోనూ జూలై, ఆగస్టు నెలల్లో కురిసిన వాన ఈ ఉపనదుల గుండానే తెలుగు నేల మీదికి వస్తుంది. కాబట్టి భద్రాచలంలో చినుకు పడకపోయినా రామాలయం మెట్ల దాకా నీరు రావచ్చు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండవది, 53కి చేరితే మూడవది జారీ అవుతుంది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర వెలువడతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. మూడవ హెచ్చరిక గీతకు పద్దెనిమిది, ఇరవై రెండు అడుగుల పైన నిలబడిన నీరు మన్యం గ్రామాలలో ఎన్ని ఇళ్ల కప్పులను దాటిందో ఈ అంకెలే చెబుతాయి.

ఈ కొలతల వెనుక ఉన్న పనిని కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే తాత్త్విక ప్రశ్న మలుపు తిరిగేది ఇక్కడే. ఎగువన పేరూరు వంటి చోట్ల నీటిమట్టాన్ని గంటగంటకూ నమోదు చేసి, ఆ నీరు దిగువకు చేరడానికి పట్టే కాలాన్ని గత వరదల అనుభవంతో లెక్కగట్టి, ఉపనదుల నుంచి కలిసే ప్రవాహాన్ని దానికి జోడించి, భద్రాచలానికి ఎప్పుడు ఎంత ఎత్తున నీరు వస్తుందో కేంద్ర జలసంఘం ముందుగా అంచనా వేస్తుంది. ఆ అంచనా కలెక్టరు కార్యాలయంలోని కంట్రోల్ రూముకు, అక్కడి నుంచి తహసీల్దారుకు, తహసీల్దారు నుంచి గ్రామంలోని రెవెన్యూ ఉద్యోగికి, ఆయన నుంచి దండోరా ద్వారానో సెల్‌ఫోన్ ద్వారానో ఇంటింటికీ చేరాలి. పడవలు, గజ ఈతగాళ్లు, పునరావాస కేంద్రాలు, గర్భిణులను ముందే ఆసుపత్రికి చేర్చడం, పశువులను మెరక మీదికి తోలడం, తాగునీరు, బియ్యం, కందిపప్పు, పాముకాటు మందు, ఇవన్నీ ఆ ఒక్క అంచనా మీద ఆధారపడి కదులుతాయి. అంటే రేపు రాబోయే దైవం ఈరోజే కాగితం మీదికి వచ్చి, ఎవరి బల్ల మీదనో నిలిచి ఉంటుంది. అలా ముందుగా తెలిసిన తరువాత కూడా దానిని దైవమనే పిలవవచ్చునా అన్నది ఈ వ్యాసం విచారించదలచిన విషయం.

మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముని ఇదే అడుగుతాడు: దైవం, పురుషకారం, ఈ రెండింటిలో ఏది బలవత్తరమని. భీష్ముడు పూర్వం వసిష్ఠునికి బ్రహ్మ చెప్పిన సమాధానాన్ని వినిపిస్తాడు. దాని సారం ఏమంటే పురుషకారం క్షేత్రం, దైవం బీజం, రెండూ కలిస్తేనే పంట. దైవం ఉన్నా దున్నని నేల ఫలించదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రామునితో ఇంకా ముందుకు వెళతాడు. దైవమని లోకం పిలిచేది వెనుకటి పౌరుషం తప్ప మరొకటి కాదని, నేటి ప్రయత్నం దానిని దాటగలదని ఆయన వాదం. ఈ రెండు మాటలూ వ్యక్తి జీవితాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పినవే అయినా, వరద విషయంలో రెండవది ఊహించనంత అక్షరాలా సరిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినప్పుడు, వాన దైవమే. కానీ కట్ట బలహీనత, వాగు దారిలో వెలిసిన కట్టడాలు, నగరం పల్లానికి పాకడం, ఇవి దశాబ్దాల నాటి పౌరుషాలు, అంటే మనుషులు చేసిన, చేయక వదిలేసిన పనులు. అవే తరువాతి తరానికి దైవమై ఎదురుపడ్డాయి.

రాజ్యం కర్తవ్యాన్ని ప్రత్యేకంగా విచారించిన గ్రంథాలలో ఈ సరిహద్దు మరింత స్పష్టం. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో ఉపనిపాతాలకు, అంటే ఉన్నట్టుండి మీదపడే ఆపదలకు, ప్రతీకారం చెప్పే అధ్యాయం ఉంది. అగ్ని, జలం, వ్యాధి, దుర్భిక్షం, ఎలుకలు, క్రూరమృగాలు, సర్పాలు, రాక్షసులు అనే ఎనిమిదింటినీ కౌటిల్యుడు దైవికమైన మహాభయాలుగానే లెక్కిస్తాడు. దైవికమని పేరు పెట్టిన మరుక్షణం ఆయన చేసే పని దైవాన్ని వర్ణించడం కాదు. నదీతీర గ్రామాలవారు వర్షాకాలంలో వరద అందే మేర విడిచి ఎగువన నివసించాలని, కలప, వెదుళ్లు, పడవలు సిద్ధంగా ఉంచుకోవాలని, కొట్టుకుపోతున్నవారిని సొరకాయ బుర్రలతో, తోలుతిత్తులతో, తెప్పలతో, దుంగలతో గట్టెక్కించాలని శాసిస్తాడు. కాపాడడానికి కదలనివానికి పన్నెండు పణాల దండన, పడవ లేనివానికి మాత్రం మినహాయింపు. ఆ వెంటనే పర్వదినాలలో నదులను పూజించాలనీ, అతివృష్టి తగ్గడానికి మంత్రవేత్తలు ప్రయోగాలు చేయాలనీ కూడా అంటాడు. ఆధునిక పాఠకుడు ఈ చివరి భాగాన్ని మూఢత్వమని దాటవేయడానికీ, సంప్రదాయవాది మొదటి భాగాన్ని కేవలం లౌకికమని దాటవేయడానికీ సమానంగా సిద్ధపడతారు. రెండూ తొందరపాటే. పూజ చేసినందువల్ల పడవ సిద్ధం చేయనక్కరలేదని కౌటిల్యుడు ఎక్కడా అనలేదు, ఈ ఒక్క సంగతి గమనిస్తే ఆ అధ్యాయం అమరిక అర్థమవుతుంది: ప్రార్థన మనిషి శక్తి ముగిసిన చోట మొదలవుతుంది, ఆ శక్తి ముగియకముందే దానిని అడ్డం పెట్టుకోవడానికి శాస్త్రం ఒప్పుకోదు.

సభాపర్వంలో నారదుడు ధర్మరాజును వరుసగా ప్రశ్నలు అడిగే ఘట్టం ఉంది. నీ రాజ్యంలో పెద్ద చెరువులు నిండుగా, తగిన చోట్ల ఉన్నాయా, సేద్యం దేవమాతృకంగా మిగిలిపోలేదు కదా అన్నది వాటిలో ఒకటి. వాన దేవుడే తల్లిగా, వేరే ఆధారం లేని సేద్యాన్ని దేవమాతృకమంటారు. ఈ మాట అడిగినవాడు దేవర్షి అన్నది మరచిపోకూడదు. దేవతల దగ్గరి నుంచి వచ్చినవాడే ప్రజల బతుకును దేవతలకు వదిలేయవద్దని రాజుకు గుర్తు చేస్తున్నాడు.

హైదరాబాదు చరిత్రలో దీనికి సమీపమైన ఉదాహరణ ఒకటి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్లి, హిందూ పురోహితుల సలహా మేరకు గంగమ్మకు సమర్పణలు చేశాడని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద కారణాలను పరిశీలింపజేయడం, ఎగువన నీటిని నిలిపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించడం, ఆ మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం తరువాతి చరిత్ర. నది ముందు తల వంచిన పాలకుడే నది మీద కట్ట కూడా తలపెట్టాడు. ఈ రెండు పనులలో ఒకటి భక్తి, రెండవది దానికి విరుద్ధం అనుకోవడానికి కారణమేదీ లేదు.

వరద దైవమా కాదా అన్న ప్రశ్న కంటే బరువైనది మరొకటి ఉంది: ఆ బాధ అనుభవించినవారికి అది న్యాయంగానే వచ్చిందా? కర్మసిద్ధాంతాన్ని మొరటుగా పట్టుకుంటే న్యాయంగానే వచ్చిందని చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే చేసుకున్నది అనుభవించక తప్పదు. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చినప్పుడు గాంధీజీ దానిని అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్షగా వ్యాఖ్యానించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దీనిని బహిరంగంగా ఖండించారు; భౌతిక విపత్తుకు మూలం భౌతిక కారణాలలోనే ఉంటుందని, ఇలాంటి వాదం గాంధీజీ ప్రత్యర్థుల చేతిలోనూ అంతే సులువుగా ఒదుగుతుందని ఆయన అభ్యంతరం. గాంధీజీ తన నమ్మకాన్ని విడవలేదు. ఈ వివాదంలో గాంధీజీ ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా న్యాయం ఠాగూర్ పక్షాన ఉందని ఒప్పుకోవాలి, ఎందుకంటే కూలిన ఇళ్లలో అస్పృశ్యతను పాటించినవారి ఇళ్లూ ఉన్నాయి, దానిని భరించినవారి ఇళ్లూ ఉన్నాయి. వరద ఈ అన్యాయాన్ని ఇంకా పెంచుతుంది. నది పల్లాన్ని వెతుక్కుంటుంది. పల్లంలో ఉండేది ఎవరన్నది సమాజం ముందే నిర్ణయించి పెట్టింది. గోదావరి లంకలలో, వాగుల ఒడ్డున, చెరువు కట్టల కింద ఇల్లు కట్టుకున్నవారు పూర్వజన్మలో ఏం చేశారని అడగడం కంటే, ఈ జన్మలో వారికి మెరక మీద జాగా ఎందుకు దొరకలేదని అడగడం ధర్మానికి దగ్గరి పని.

ఈ విషయంలో బౌద్ధ త్రిపిటకంలోని సంయుత్త నికాయం ఇచ్చే సమాధానం తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేనిది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడుగుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త నడవడి, ఇతరుల దాడి, చివరికి కర్మ అని బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కించి, అన్నింటినీ కర్మకే అంటగట్టేవారు తమకు తెలిసినదానినీ లోకం ఎరిగినదానినీ దాటి మాట్లాడుతున్నారని అంటాడు. కర్మను ఆయన కాదనలేదు. ఎనిమిదింటిలో ఒకటిగా దాని చోట దానిని ఉంచాడు. ఋతువు, అజాగ్రత్త, ఇతరుల చేష్ట అనే మూడు కారణాలు ఆ జాబితాలో వేర్వేరుగా ఉండడం వరద గురించి ఆలోచించేవారికి గొప్ప ఆసరా. వాన ఋతువు వల్ల వచ్చింది, గండి అజాగ్రత్త వల్ల పడింది, వాగు దారి ఇతరుల ఆక్రమణ వల్ల మూసుకుపోయింది. ఈ మూడూ విచారించి ముగించకుండా కర్మ అనే కారణం దాకా వెళ్లే హక్కు ఎవరికీ లేదు.

హెచ్చరిక అందినా కదలని మనుషుల గురించి అధికారులు తరచుగా బాధపడతారు. రాసిపెట్టి ఉన్నది తప్పదని కొందరు వృద్ధులు అనడం నిజమే. దానిని విని పల్లె జనానిది విధివాదమని, అంటే ప్రయత్నం వృథా అనే నమ్మకమని, తేల్చేయడం పట్టణవాసులకు అలవాటు. ఆ మాట వెనుక లెక్క వేరే ఉంటుంది. పునరావాస కేంద్రంలో మనిషికి చోటుంటుంది, గేదెకు ఉండదు; ఇల్లు విడిచి వెళితే తిరిగి వచ్చేసరికి తలుపులు ఉంటాయో ఉండవో తెలియదు; పోయినసారి కదిలి వెళ్లినప్పుడు నీరు రాలేదు. ఈ చివరిది అన్నింటికంటే చిక్కైనది. అంచనా అంటే నిశ్చయం కాదు, సంభావ్యత. పదిసార్లు హెచ్చరిస్తే కొన్నిసార్లు నీరు రాకపోవడం ఆ విద్య స్వభావంలోనే ఉంది. పురుషకారమంటే ఫలం చేతిలో లేదని తెలిసీ చేసే పని అని గీతను చదివిన సమాజానికి ఈ సంగతి అర్థం చేయించడం అసాధ్యం కాకూడదు. కానీ ఆ బోధ ముందుగా కదలవలసినవాడికి కాక కదిలించేవాడికి అవసరం: నీరు రాకపోతే నిందపడుతుందని హెచ్చరికను ఆలస్యం చేసే అధికారి ఫలాసక్తుడే. గేదెకు కూడా చోటు చూపిన కేంద్రానికి మనుషులు వస్తారు.

పురుషకారంలో ఇంకొక ఇరుకు ఉంది, అది సిద్ధాంతం తేల్చలేనిది. 2009లో వానాకాలం దేశమంతటా కరవుగా నడిచింది. జలాశయంలో ప్రతి అడుగు నీరూ రైతుకు ప్రాణంగా ఉన్న సంవత్సరం అది. అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్రా పరీవాహకాలలో కుంభవృష్టి పడి శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది, తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు నగరం మునిగింది, శక్తిపీఠమైన అలంపురం కూడా నీటిలో చిక్కింది. నీరు నిలుపుకోవడం కరవు దృష్టితో ధర్మం, ముందే వదలడం వరద దృష్టితో ధర్మం. రెండు ధర్మాలు ఢీకొన్నప్పుడు ఏది ఎంచుకున్నా ఒకరి నష్టం మిగులుతుంది. ఇక్కడ పూర్తిగా నిర్దోషిగా బయటపడే మార్గం ఉందని చెప్పడం నిజాయితీ కాదు. ఏ గంటకు ఏ సమాచారం చేతిలో ఉండగా ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో ప్రజలకు తెలియజేయడం మాత్రం చేయగలిగిన పని; ధర్మసంకటంలో పడినవాడికి మిగిలే శౌచం అదే. ఇదే జలాశయం వెనుక నీటిలో సంగమేశ్వరాలయం ఏటా నెలల తరబడి మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది, భక్తులు ఆ కాలానికి తమ దర్శనాన్ని అమర్చుకున్నారు. దేవుడు సర్దుకున్నంత మాత్రాన మనుషుల ముంపు కూడా సర్దుబాటు కిందికే వస్తుందనుకోకూడదు.

నీరు దిగాక మొదలయ్యే సహాయం స్వభావమేమిటన్నది మిగిలిన ప్రశ్న. అది దానమా, ఋణమా? దానమైతే ఇచ్చేవాని మంచితనం, పుచ్చుకునేవాని కృతజ్ఞత. ఋణమైతే తీర్చకపోవడం దోషం. మనుస్మృతి రాజు తీసుకునే ఆరవ వంతును రక్షణకు ప్రతిఫలంగా చూసి, రక్షించకుండా పన్ను తీసుకునేవాడు ప్రజల మాలిన్యమంతటినీ మూటగట్టుకుంటాడని అంటుంది. గౌతమ ధర్మసూత్రం ఇంకా నిక్కచ్చిగా, దొంగలెత్తుకుపోయిన సొత్తును రాజు తిరిగి తెప్పించాలి, లేకుంటే తన కోశం నుంచి ఇవ్వాలి అంటుంది. కాపాడలేకపోయిన పాలన నష్టాన్ని తానే భరించాలన్న ఈ సూత్రాన్ని దొంగల నుంచి వరదకు విస్తరించడానికి తర్కంలో అడ్డేమీ లేదు, ముఖ్యంగా నీరు వస్తున్నట్టు పాలనకు ముందే తెలిసినప్పుడు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఈ దారిలో కొంత దూరం వచ్చింది. ప్రకృతి వల్లనే కాక మనిషి వల్ల, ప్రమాదం వల్ల, నిర్లక్ష్యం వల్ల కలిగినదీ విపత్తేనని ఆ చట్టం నిర్వచనంలోనే ఒప్పుకుంది. ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం విషయంలో కనీస ప్రమాణాలను నిర్దేశించాలని, పరిహారం, సహాయం పంచేటప్పుడు స్త్రీపురుష భేదం, కులం, వర్గం, వంశం, మతం చూడరాదని శాసించింది. ప్రాణనష్టానికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా, అంటే చట్టపరమైన బాధ్యతను అంగీకరించకుండానే ప్రభుత్వం ఇచ్చే మొత్తం, విపత్తు నిధి నిబంధనల ప్రకారం 4 లక్షల రూపాయలు. ఆ చట్టం కింద ఇలాంటి సాయానికి మార్గదర్శకాలు రూపొందించడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇష్టానికి వదిలిన విషయం కాదని, తప్పనిసరి విధి అని 2021లో కోవిడ్ మరణాల సందర్భంగా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాన భాషలో మొదలైన సహాయం ఋణ భాషలోకి మారుతున్న సందర్భం ఇది. అయినా నష్టం లెక్క రాసే పుస్తకంలో పట్టాదారు పేరు తేలికగా ఎక్కుతుంది, ఆ చేను కౌలుకు తీసుకొని, అప్పు తెచ్చి, నారు వేసినవాని పేరు ఎక్కడానికి కార్డులు, సంతకాలు కావాలి. దానానికి పాత్రతను విచారించమని శాస్త్రం చెప్పిన మాటను ఋణానికి వర్తింపజేయడం ఇక్కడ జరిగే పొరపాటు. అప్పు తీర్చేవాడు ఎదుటివాని అర్హతను పరీక్షించడు, ఎవరికి బాకీ ఉన్నాడో చూసుకుంటాడు.

ఆ బాకీ ఎవరిదన్నది గోదావరి మన్యంలో మరింత చిక్కుపడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. నీటిమట్టం ఒక రాష్ట్రంలో కొలుస్తారు, ఆ నీటిలో మునిగే కోయ, కొండరెడ్డి గూడేలు మరొక రాష్ట్రంలో ఉంటాయి. పోలవరం జలాశయం వల్ల ముంపుకు గురయ్యేవారికి పునరావాసం 41.15 మీటర్ల కాంటూరు లోపలివారికి మొదటి దశలో, 45.72 మీటర్ల దాకా ఉన్నవారికి తరువాత అని విభజించారు. కాంటూరంటే సముద్రమట్టం నుంచి సమాన ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీసే గీత. 2022 జూలైలో ఈ ప్రాంతంలోని కుటుంబాలు గుట్టల మీదికి ఎక్కి టార్పాలిన్ పట్టాల కింద రోజులు గడిపినప్పుడు, మొదటి దశ గీతకు బయట ఉన్నామని లెక్కకట్టిన ఊళ్లవారు కూడా తమ ఊరు మునిగిందని, ఆ గీతను మళ్లీ గీయాలని అడిగారు. నది ఎంత ఎత్తుకు లేస్తుందన్నది దైవాధీనమని వాదించేవారు ఇంకా ఉండవచ్చు. ఆ గీత మాత్రం సర్వేయరు గీసినది, మంత్రిమండళ్లు ఆమోదించినది, కనుక దాని గురించి ఆ ఊళ్లవారు అడిగే ప్రశ్నకు మనుషులే జవాబు చెప్పాలి.